యార్డ్ సైన్ పెడితే హెచ్‌ఓఏ నుంచి లెటర్ వచ్చింది, తీసేయాలా?

ప్రశ్న: అక్కా, మేం డాలస్ పక్కన ఒక సబర్బ్‌లో ఉంటాం. ఇల్లు కొని నాలుగేళ్ళయింది, కిందటేడు నాకు సిటిజన్‌షిప్ వచ్చింది. మా పిల్లల స్కూల్ ద్వారా పరిచయమైన ఒకాయన ఈసారి స్కూల్ బోర్డుకి నిలబడ్డారు, 2026 మే 2న ఎలక్షన్. ఆయన ఇచ్చిన సైన్లు, అంటే ఆయన పేరున్న చిన్న ప్రచార బోర్డులు, రెండు మా ఇంటి ముందు పెట్టాను. ఒకటి సైడ్‌వాక్‌కీ రోడ్డుకీ మధ్యలో ఉన్న గడ్డిలో గుచ్చాను, ఇంకోటి డ్రైవ్‌వే పక్కన మా లైట్ స్తంభానికి కట్టాను. వారం తిరక్కుండానే మొదటిది మాయమైంది. తర్వాత హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ళ ఓనర్ల సంఘం) నుంచి రూల్ మీరావంటూ వయొలేషన్ లెటర్ వచ్చింది, మా కమ్యూనిటీలో ఇల్లు అమ్మే బోర్డు తప్ప ఏ సైనూ పెట్టకూడదట, 10 రోజుల్లో తీయకపోతే ఫైన్ అట. మా ఆవిడేమో మనకెందుకొచ్చిన గొడవ, తీసేయ్ అంటోంది. ఇంకో సంగతి, మా బావమరిది హెచ్1బి వర్క్ వీసా మీద ఉన్నాడు, ఇక్కడే దగ్గర్లో అద్దెకుంటాడు, వాడు ఉత్సాహంగా సొంత డబ్బుతో ఇంకో పది సైన్లు ప్రింట్ చేయించి తెలిసినవాళ్ళకి పంచుతానంటున్నాడు. ఏం చేయమంటావ్?

సమాధానం: తమ్ముడూ, సైన్ తీసేయొద్దు. జాగా మార్చు. నీ బావమరిదిని మాత్రం ఆ ప్రింటింగ్ ఆర్డర్ పెట్టకముందే ఈరోజే ఫోన్ చేసి ఆపు, ఎందుకో కింద చెప్తాను, నీ లెటర్ మొత్తంలో నాకు నిజంగా భయం వేసింది ఆ ఒక్క లైను చూసే.

ముందు ఆ మాయమైన సైన్ సంగతి చూద్దాం. నువ్వు రాయలేదు గానీ మీ పక్కింటివాళ్ళ మీదో ఎదురింటివాళ్ళ మీదో నీకు అనుమానం ఉండే ఉంటుంది, నాకూ ఒకప్పుడు అలాగే ఉండేది. చాలా ఏళ్ళ క్రితం మా మొదటి ఇంటి ముందు పెట్టిన సైన్ రెండు రోజుల్లో పోతే పక్కింటాయనే పీకేశాడని అనుకుని ఆయనతో కొన్ని నెలలు సరిగ్గా మాట్లాడలేదు, ఆయన వేరే పార్టీ అని తెలుసు కాబట్టి ఇంకెవరు తీస్తారులే అనుకున్నాను. తర్వాత ఇంకో ఎలక్షన్‌కి సిటీ ట్రక్కు ఒకటి మా వీధి చివర ఆగి, అందులోంచి ఒకతను దిగి రోడ్డు అంచు పక్కనున్న సైన్లన్నీ, రియల్ ఎస్టేట్‌వీ గరాజ్ సేల్‌వీ ఎలక్షన్‌వీ ఏదీ వదలకుండా వరసగా పీకి వెనక పడేసుకుంటూ పోవడం నా కళ్ళతో చూశాను. ఆయన్ని అనవసరంగా అనుమానించానని ఇప్పటికీ బాధే నాకు. నువ్వు ఆ తప్పు చేయకు.

సైడ్‌వాక్‌కీ రోడ్డుకీ మధ్య ఉన్న ఆ గడ్డి పట్టీ నువ్వే కోస్తావ్, నువ్వే నీళ్ళు పెడతావ్, ఎండిపోతే లెటరూ నీకే వస్తుంది, అందుకని అదీ మనదే అనుకుంటాం. కానీ అది దాదాపు ఎప్పుడూ రోడ్డు తాలూకు రైట్ ఆఫ్ వే, అంటే రోడ్డు కోసం ఉంచిన జాగా, కిందకి వస్తుంది, అక్కడ సైన్ పెట్టడం టెక్సాస్‌లో స్టేట్ చట్టం ప్రకారమే తప్పు. నమ్మకం లేకపోతే నీ దగ్గరున్న సైన్ అంచు ఒకసారి దగ్గరగా పట్టుకుని చూడు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఒక నోటీసు ఉంటుంది, ఈ సైన్‌ని హైవే రైట్ ఆఫ్ వేలో పెట్టడం ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్ 392, 393 చాప్టర్ల ప్రకారం చట్ట విరుద్ధం అని. టెక్సాస్‌లో ఎలక్షన్ సైన్ల మీద అది ప్రింట్ చేయాలని చట్టమే ఉంది. ఇన్నేళ్ళలో అది చదివినవాళ్ళని నేను ఇద్దరో ముగ్గురో చూశాను.

మరి మనది ఎక్కడ మొదలవుతుంది అంటే, ఇల్లు క్లోజింగ్ అప్పుడు, అంటే కొనుగోలు పూర్తయిన రోజు, నీకిచ్చిన కాగితాల కట్టలో సర్వే అని ఒక షీట్ ఉంటుంది, ఇంటి బొమ్మ చుట్టూ గీతలు, కొలతలు వేసి ఉంటాయి, అది బయటకి తీయి. వీధి వైపు నీ ప్రాపర్టీ లైన్ ఎక్కడుందో అందులో ఉంటుంది, చాలా ఇళ్ళకి సైడ్‌వాక్ లోపలి అంచు దగ్గరో దానికి అడుగో రెండడుగులో ఇటో ఉంటుంది. ఆ లైను దాటి ఇంటి వైపు ఇంకో మూడు నాలుగడుగులు లోపలికి జరిగి పెడితే ఏ వాదనా ఉండదు, రోడ్డు మీంచి పోయేవాళ్ళకీ బాగానే కనిపిస్తుంది. కార్నర్ ఇల్లు అయితే మలుపు తిప్పే కార్లకి అడ్డం రాకుండా చూసుకో, అది రూల్ ఉన్నా లేకపోయినా చేయాల్సిందే, పిల్లలు సైకిళ్ళ మీద తిరుగుతుంటారు.

నీ సొంత స్థలంలో పెట్టినదాన్ని మాత్రం సిటీ ఏమీ అనలేదు. టెక్సాస్‌లో ఓనర్ ఒప్పుకుని ప్రైవేట్ స్థలంలో పెట్టిన ఎలక్షన్ సైన్‌కి సిటీ పర్మిట్ అడగకూడదు, ఫీజు తీసుకోకూడదు, అసలు పెట్టొద్దనకూడదు, 36 చదరపు అడుగులు దాటితేనో 8 అడుగుల ఎత్తు మించితేనో లైట్లు వేస్తేనో కదిలే భాగాలుంటేనో తప్ప. మనం పెట్టుకునేవి మామూలుగా 18 అంగుళాలు బై 24 అంగుళాలు, ఆ లెక్కలకి ఆమడ దూరం.

ఇక హెచ్‌ఓఏ. ఇక్కడే మనవాళ్ళందరూ తికమక పడతారు. మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చే ఫస్ట్ అమెండ్‌మెంట్ రాజ్యాంగంలో ఉంది కదా, నా ఇల్లు నా ఇష్టం అని కొందరు, హెచ్‌ఓఏ కాగితం మీద సంతకం పెట్టాం కాబట్టి వాళ్ళు చెప్పిందే వేదం అని ఇంకొందరు. రెండూ కాదు. ఫస్ట్ అమెండ్‌మెంట్ కట్టిపడేసేది ప్రభుత్వాన్ని. మిస్సోరిలో సెయింట్ లూయిస్ పక్కన లడ్యూ అని ఒక ఊరుంది, 1990లో మార్గరెట్ గిలియో అనే ఆవిడ గల్ఫ్ యుద్ధం వద్దంటూ తన యార్డులో ఒక సైన్ పెట్టింది, అది పోయింది, ఇంకోటి పెట్టింది, దాన్ని ఎవరో పడేశారు, పోలీసులకి చెప్తే అసలు మన ఊళ్ళో సైన్లు పెట్టడమే నిషేధం అన్నారు. ఆవిడ కోర్టుకెళ్ళింది, పై అంతస్తు కిటికీలో మామూలు ప్రింటర్ కాగితమంత సైన్ పెట్టింది, ఊరివాళ్ళు రూల్ మార్చి అదీ కుదరదన్నారు. 1994లో సుప్రీం కోర్టు జడ్జీలందరూ ఏకగ్రీవంగా ఆవిడ వైపే తీర్పిచ్చారు. తన ఇంటి ముందు తన మాట చెప్పుకోడానికి దీనంత చవకైన, తేలికైన దారి ఇంకోటి లేదు, దాన్ని ఊరు మొత్తంగా మూసేయకూడదని దాని సారాంశం. ఇవాళ మన సిటీలు జాగ్రత్తగా ఉంటున్నాయంటే ఆవిడ పుణ్యమే.

కానీ అది ఊరి మీద గెలుపు. హెచ్‌ఓఏ ప్రభుత్వం కాదు, మనం ఒప్పందం చేసుకున్న ఒక ప్రైవేట్ సంఘం, అందుకే అక్కడ ఫస్ట్ అమెండ్‌మెంట్ అని అరిస్తే మామూలుగా పనిచేయదు. అక్కడ నిన్ను కాపాడేది మీ స్టేట్ చట్టం. ఒక్కో స్టేట్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి వేరే స్టేట్‌లో ఉన్న ఫ్రెండ్ వాట్సాప్‌లో చెప్పింది నమ్మి ఏదీ చేయకు. కాలిఫోర్నియాలో హెచ్‌ఓఏ వాళ్ళు వ్యాపారానికి సంబంధం లేని సైన్లని 9 చదరపు అడుగుల దాకా ఆపడానికి లేదు. న్యూజెర్సీలో అయితే పార్సిపనీలో వసీం ఖాన్ అనే ఆయన టౌన్ కౌన్సిల్‌కి నిలబడి తన టౌన్‌హౌస్ కిటికీలో, తలుపు మీద తన సైన్లే పెట్టుకున్నాడు, వాళ్ళ అసోసియేషన్ కూడా అచ్చం నీకు చెప్పినట్టే ఇల్లు అమ్మే బోర్డు తప్ప ఏదీ కుదరదంది, 2012లో ఆ స్టేట్ సుప్రీం కోర్టు అంత మొత్తంగా నిషేధించడం చెల్లదని తేల్చింది.

నీకు అంత దూరం వెళ్ళాల్సిన పనే లేదు, టెక్సాస్‌లో చట్టం రాసిపెట్టే ఉంది. ఎలక్షన్ కోడ్ 259.002. ఎలక్షన్‌కి 90 రోజుల ముందు నుంచి, ఎలక్షన్ అయిన తర్వాత పదో రోజు వచ్చేలోపు, ఓనర్ తన ఇంటి దగ్గర కాండిడేట్ సైన్ పెట్టుకోకుండా ఏ హెచ్‌ఓఏ రూలూ అడ్డుకోకూడదు. మే 2 ఎలక్షన్‌కి లెక్కేస్తే ఫిబ్రవరి 1 నుంచి మే 11 దాకా నీది. మీ డీడ్ రిస్ట్రిక్షన్లలో, అంటే ఇంటితో పాటు ఒప్పుకున్న హెచ్‌ఓఏ నిబంధనల్లో, ఇల్లు అమ్మే బోర్డు తప్ప ఏదీ పెట్టకూడదని రాసి ఉండొచ్చు, వాళ్ళు అబద్ధం చెప్పడంలేదు, కానీ ఆ రోజుల్లో ఆ రూల్ ఎలక్షన్ సైన్ మీద చెల్లదు.

అయితే పూర్తిగా నీదే రైట్ అని కూడా అనను తమ్ముడూ, ఎందుకంటే నువ్వు దాన్ని లైట్ స్తంభానికి కట్టావ్. అదే చట్టం హెచ్‌ఓఏకి కొన్ని షరతులు పెట్టుకునే వీలిచ్చింది. సైన్ నేలలోనే పాతాలి అనొచ్చు, ఒక కాండిడేట్‌కి ఒకటే అనొచ్చు, 4 అడుగులు బై 6 అడుగులు మించకూడదనొచ్చు, చెట్టుకో లైటుకో బండికో ఇంకో కట్టడానికో తగిలించొద్దనొచ్చు, బెలూన్లూ లైట్లూ మ్యూజిక్కూ రిబ్బన్లూ వద్దనొచ్చు, గోడ మీద పెయింట్ వేయొద్దనొచ్చు. మీ హెచ్‌ఓఏకి అలాంటి రూల్ ఉంటే దాన్ని మీరినవి వాళ్ళు వచ్చి తీసేయొచ్చు కూడా. మరి మీ లెటర్‌లో లైట్ స్తంభం మాట లేదు, అన్నీ నిషేధం అనే ఉంది, అది తప్పు, కానీ రేపు నువ్వు చట్టం చూపిస్తే వాళ్ళు ఫోటో తీసి స్తంభం మాట ఎత్తుతారు. ఆ అవకాశం ఇవ్వకు, ఈ సాయంత్రమే దాన్ని విప్పి నేలలో పెట్టు. మొదటిది ఎలాగూ పోయింది, ఇంకోటి తెచ్చుకోకు, అదే కాండిడేట్‌ది రెండు ఉంటే వాళ్ళకి ఇంకో సాకు.

నేను మూడేళ్ళు మా హెచ్‌ఓఏ బోర్డులో చేశాను కాబట్టి ఆ లెటర్లు ఎలా పుడతాయో కూడా చెప్తాను, నీ భయం సగం తగ్గుతుంది. హెచ్‌ఓఏ పనులు చూసే మేనేజ్‌మెంట్ కంపెనీ మనిషి ఒకరు నెలకోసారో రెండుసార్లో కారులో మెల్లగా వీధులన్నీ తిరుగుతారు, చెత్త డబ్బా బయటే ఉంటే ఒక ఫోటో, గడ్డి పెరిగితే ఒక ఫోటో, సైన్ ఉంటే ఒక ఫోటో, సిస్టమ్‌లో ఒక బటన్ నొక్కితే దానికి తగ్గ రెడీమేడ్ లెటర్ వెళ్ళిపోతుంది. ఎలక్షన్ ఎప్పుడో ఆ మనిషికి తెలియకపోవచ్చు. చాలాసార్లు బోర్డులో ఉన్న మేం అసలు ఆ లెటర్ వెళ్ళినట్టే ఎరగం. నీ మీద ఎవరో పగబట్టి పంపారని అనుకోకు, గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకు, లాయరూ వద్దు, కమ్యూనిటీ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టి తిట్టడమూ వద్దు. ఒక్క ఈమెయిల్ రాయి, మేనేజ్‌మెంట్ కంపెనీకీ బోర్డుకీ కలిపి.

అందులో నాలుగే విషయాలు ఉండాలి. ఫలానా తేదీ లెటర్ అందింది. ఇది 2026 మే 2న జరిగే ఎలక్షన్‌కి సంబంధించిన సైన్, టెక్సాస్ ఎలక్షన్ కోడ్ 259.002 ప్రకారం ఈ రోజుల్లో పెట్టుకునే హక్కుంది. సైన్ ఇప్పుడు నా స్థలంలో నేలలో పాతి ఉంది, ఒక్కటే ఉంది, ఇదిగో ఫోటో, మే 11లోగా తీసేస్తాను. కాబట్టి వయొలేషన్ మూసేసి ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పండి. చివర్లో, మీరు అలాగే ముందుకెళ్తే బోర్డు ముందు హియరింగ్ కావాలి, అంటే నా వాదన వినాలి, అని కూడా ఒక ముక్క కలుపు. ఎందుకంటే టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 209 చాప్టర్ ప్రకారం ఫైన్ వేసేముందు నోటీసు ఇవ్వాలి, సరిదిద్దుకోడానికి తగినంత టైమ్ ఇవ్వాలి, నోటీసు పోస్ట్ చేసిన తేదీ నుంచి 30 రోజుల్లోపు నువ్వు హియరింగ్ అడగొచ్చు. ఆ గడువు పోగొట్టుకోవద్దు, తప్పు వాళ్ళదైనా గడువు దాటాక అడిగితే నీ మాట పలచనైపోతుంది. కోపం మాటలు ఒక్కటీ వద్దు, ఫోన్ కూడా వద్దు, రాసి పంపు. నేను చూసినంతవరకూ ఇలాంటి ఈమెయిల్‌కి రెండు మూడు రోజుల్లో క్లోజ్ చేశాం అని సమాధానం వస్తుంది.

ఇప్పుడు నీ బావమరిది. ఇది కాస్త జాగ్రత్తగా చదువు, వీలైతే వాడికీ చదివి వినిపించు. అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం సిటిజన్ కాక, గ్రీన్‌కార్డ్ కూడా లేనివాళ్ళు ఏ ఎలక్షన్‌లో అయినా, ప్రెసిడెంట్‌ది కావచ్చు స్కూల్ బోర్డుది కావచ్చు, డబ్బు ఇవ్వకూడదు, ఒక కాండిడేట్‌ని గెలిపించండి అని చెప్పడానికి సొంత డబ్బు ఖర్చు పెట్టకూడదు. ఇది ఊరికే భయపెట్టడం కాదు. బ్లూమన్ అని న్యూయార్క్‌లో వర్క్ వీసా మీద ఉన్న ఒక కెనడా లాయర్, ఒబామాకి ఓటేయమని ఫ్లయర్లు ప్రింట్ చేసి సెంట్రల్ పార్క్‌లో పంచుకుంటాను, అందులో తప్పేముంది అని కోర్టుకే వెళ్ళాడు. 2011లో ఫెడరల్ కోర్టు కుదరదంది, 2012లో సుప్రీం కోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. పది సైన్లు ప్రింట్ చేయించి పంచడం అంటే అచ్చం అదే పని. పోనీ వాడు నీకు డబ్బిచ్చి నీ పేరు మీద చేయిద్దామనే ఆలోచన వస్తుందేమో, అది ఇంకా ప్రమాదం, తెలిసి సాయం చేసినవాళ్ళూ ఇరుక్కుంటారు. పది సైన్ల కోసం గ్రీన్‌కార్డ్ ఫైల్‌లో ఒక మచ్చ ఎందుకు?

వాడి ఉత్సాహం మాత్రం నీరుగార్చకు, అలాంటి కుర్రాళ్ళు కావాలి మనకి. జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా పని చేయడానికి అడ్డు లేదు, శనివారం కాండిడేట్ టీమ్‌తో కలిసి తలుపులు తట్టొచ్చు, ఫోన్లు చేయొచ్చు, మన పెద్దవాళ్ళకి స్కూల్ బోర్డు అంటే ఏంటో తెలుగులో చెప్పొచ్చు, ఆ పని చేసేవాళ్ళు దొరకడం కష్టం నిజానికి. డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి లాంటి నిర్ణయాల్లో మాత్రం వాడు వేలు పెట్టకూడదు. వాడి ఇంటి ముందు సైన్ సంగతి అంటావా, వాడిది అద్దె ఇల్లు, నేను పైన చెప్పిన టెక్సాస్ చట్టం ఓనర్ల గురించి, అద్దెకున్నవాళ్ళకి లీజులో ఏం రాసుందో అదే. కాలిఫోర్నియాలో అద్దెవాళ్ళకి కూడా వేరే చట్టం ఉంది గానీ ఇక్కడ దాని మీద ఆధారపడలేం. నా మాట వింటే వాడి యార్డు వదిలేయమను, నీ యార్డు చాలు. ఇంకొకటి, సూపర్ మార్కెట్ బయట ఎవరో క్లిప్‌బోర్డ్ పట్టుకుని ఓటర్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి అంటారు, మొహమాటానికి కూడా దాని మీద వాడు సంతకం పెట్టకూడదు. సిటిజన్‌ని అని తప్పుగా రాసిచ్చినట్టు అవుతుంది, దాని నుంచి బయటపడటం చాలా చాలా కష్టం.

మీ ఆవిడ గురించి. ఆమె అన్నదాన్ని పిరికితనం అనుకోకు. మన ఊళ్ళల్లో ఇంటి మీద ఒక పార్టీ జెండా కడితే ఆ ఇంటికి ఏమవుతుందో చూసి పెరిగినవాళ్ళం, పైగా ఆ ఇల్లు నీది ఎంతో ఆమెదీ అంతే. కూర్చోబెట్టి ఏ విషయానికి భయం వేస్తోందో అడుగు. ఫైన్ గురించైతే ఈ సమాధానం చూపించు. పక్కవాళ్ళు ఏమనుకుంటారో అని అయితే, వాళ్ళ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళి ఆయన మా పిల్లల స్కూల్‌లో తెలిసినవాడు, అందుకే పెట్టాం అని మామూలుగా ఒక మాట చెప్పండి, చాలావరకు అక్కడితో సద్దుమణుగుతుంది. అవేవీ కాదు, నా ఇంటి ముందు నాకు వద్దు అని ఆమె అంటే మాత్రం నేను ఆమె పక్షమే, అప్పుడు తీసేయ్, చట్టం ఇచ్చింది పెట్టుకునే హక్కే గానీ పెట్టి తీరాలని కాదు.

పెట్టేటప్పుడు రెండు చిన్న సంగతులు. డాలస్ చుట్టుపక్కల మట్టి సంగతి నీకు తెలుసు, ఎండితే రాయి, బలంగా తొక్కితే సైన్ కింద ఉండే ఆ హెచ్ ఆకారం వైరు వంగిపోతుంది తప్ప దిగదు. ముందురోజు సాయంత్రం అక్కడ చెంబుడు నీళ్ళు పోసి వదిలేయ్, పొద్దున్నే వెన్నలో దిగినట్టు దిగుతుంది. స్ప్రింక్లర్ హెడ్‌కి రెండడుగుల దూరంలో గుచ్చు, పైపుకి చిల్లు పడితే ఫైన్ కంటే ఎక్కువ ఖర్చవుతుంది. మెయిల్‌బాక్స్ స్తంభానికి మాత్రం ఎవరు చెప్పినా కట్టకు. నీ స్థలంలోంచి కూడా ఎవరైనా తీసుకుపోతే అది దొంగతనమే, పోలీస్ నాన్ ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేసి రిపోర్ట్ రాయించు, అవతలి కాండిడేట్ సైన్ జోలికి మాత్రం నువ్వు పోకు.

మే 11 సాయంత్రానికి తీసేసి ఆ వైరు ఫ్రేమ్ కాండిడేట్ వాళ్ళకే తిరిగిచ్చేయ్, మళ్ళీ పనికొస్తుంది. ఓటేయడానికి వెళ్ళేటప్పుడు ఆయన పేరున్న టీషర్ట్ ఉంటే మార్చుకుని వెళ్ళు, పోలింగ్ స్థలం తలుపు నుంచి 100 అడుగుల లోపల ప్రచారం కుదరదు, లోపలికి అది వేసుకుని రానివ్వరు.

అన్నట్టు నువ్వు కిందటేడే సిటిజన్ అయ్యానన్నావ్, సైన్ గురించి ఇంత రాశావ్ గానీ ఓటర్ రిజిస్ట్రేషన్ అయిందని ఎక్కడా రాయలేదు. టెక్సాస్‌లో ఎలక్షన్‌కి 30 రోజుల ముందే ఫారం కౌంటీకి చేరాలి, లేదా ఆ తేదీకల్లా పోస్ట్‌మార్క్ పడాలి, మే 2కి అంటే ఏప్రిల్ 2. మామూలుగా ఆన్‌లైన్‌లో బటన్ నొక్కితే అయిపోదు, ప్రింట్ తీసి సంతకం పెట్టి పోస్ట్ చేయాలి, లేదా కౌంటీ ఆఫీసులో స్వయంగా ఇవ్వాలి. హెచ్‌ఓఏ ఈమెయిల్ రేపు రాసుకో, ముందు ఇవాళ అది చూసుకో.